అబ్బాజాన్ ఇంగ్లీషు పాఠం

"'ఔట్ ఆఫ్ హ్యాండ్' అంటే ఏంది అబ్బాజాన్? ఎవర్నీ అడిగి చెప్పొద్దు మరి."

వాయిస్ మెసేజ్‌లో మరీహా గొంతు వినగానే జహాంగీర్ లేచి కూర్చున్నాడు. ఆ ఫోను అతనిది కాదు, ఆ పిల్ల అతని కూతురూ కాదు. ఫోనూ, పిల్లా అతీఖ్‌వే. ఖతర్‌లోని మెసయీద్ లేబర్ క్యాంపులో జహాంగీర్ పక్క మంచంవాడు. పోయిన వారం నిద్రలోనే కన్నుమూశాడు. ఆ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

గల్ఫ్‌లో ఎవరైనా పోతే ఇంటికి వెంటనే చెప్పరు. ముందు జ్వరమంటారు, తర్వాత ఆస్పత్రంటారు, శవం పెట్టె విమానం ఎక్కాకే అసలు మాట. పైగా జగిత్యాలలో అతీఖ్ భార్య ఖమర్ సుల్తానా గుండె ఆపరేషన్ చేయించుకుని పచ్చి ఒంటితో ఉంది. ఈ కబురు చెవిన పడితే మనిషి దక్కదని అతీఖ్ వాళ్ళ అన్న ఫోన్లో బతిమాలాడు. అందుకే గొంతు పట్టేసిందని చెప్పి, అతీఖ్ పేరు మీద జహాంగీరే జవాబులు టైపు చేస్తున్నాడు. పాపమని తెలుసు, కానీ ఏం చేస్తాడు?

ఫోర్‌మన్ ఇంటర్వ్యూ కోసం ఆ పిల్ల రోజూ సాయంత్రం తండ్రికి ఇంగ్లీషు పలుకుబళ్ళు నేర్పేది. రోజుకో మాట మీద. నిన్న కన్ను, 'ఐ'; ఇవాళ చెయ్యి, 'హ్యాండ్'.

"చెయ్యి దాటిపోయిందని," అని టైపు చేశాడు.

"శభాష్. 'ఇన్ సేఫ్ హ్యాండ్స్'?"

వెనకనుంచి ఖమర్ గొంతు వినిపించింది. "గొంతు తగ్గిందా అడుగవే. కషాయం తాగమను."

పక్క మంచం కిర్రుమన్నట్టయింది. జహాంగీర్ గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. అతీఖ్ నవ్వు మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు. వాడైతే కావాలని తప్పు చెప్పి, కూతురి చేత తిట్లు తిని మురిసిపోయేవాడు.

"తాగిన, తగ్గింది. మంచోళ్ళ చేతుల్ల ఉన్నమని," అని రాశాడు.

"కరెక్ట్. అమ్మీ, అబ్బాజాన్‌కు తగ్గిందంట, ఇంటున్నవా?"

అవతల ఖమర్ సంతోషంగా నవ్వింది. ఆ నవ్వు విని జహాంగీర్‌కు ఏడుపు ఆగలేదు. రేపే పెట్టె విమానం ఎక్కుతుంది. ఈ పిల్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పదో తరగతి పిల్ల, ఎట్లా తట్టుకుంటుంది? 'మరీహా బేటీ' అని మొదలుపెట్టి చెరిపేశాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు.

ఇంతలో ఇంకో మెసేజ్ వచ్చింది. ఈసారి వెనక ఎవరి అలికిడీ లేదు. పిల్ల గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"జహాంగీర్ చాచా, అమ్మీకి నేను ఇంకా చెప్పలే."