ఇరవయ్యో టోకెన్

“ఆ చూపేంటమ్మా? మా కోడలి కడుపు మీద ఏమన్నా రాసుందా?”

హైమవతి అరుపుకి నూజివీడు స్కానింగ్ సెంటర్లో ఫ్యాను కింద కునుకు తీస్తున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు.

ఎదురు బెంచీ మీది అమ్మాయి తల దించుకుంది. ముప్పై ఏళ్ళుండవు. తోడు ఎవరూ లేరు. ఒళ్ళో రిపోర్టుల కవరు.

“సారీ అండీ,” అంది.

హైమవతి తన కోడలు గౌతమి కడుపు మీదికి కొంగు లాగి కప్పింది.

కిందటిసారి గౌతమి నెల తప్పగానే తమ ఊరు ఆగిరిపల్లి అంతా చెప్పుకుని మురిసిపోయారు. ఆరో నెలలో, బిడ్డ గుండె సరిగ్గా ఏర్పడలేదని తేలింది. ఆ బిడ్డ దక్కలేదు. దిష్టే కొట్టిందని హైమవతి తీర్మానించేసింది. అందుకే ఈసారి నాలుగో నెల వచ్చేదాకా కోడల్ని గడప దాటనివ్వలేదు.

డాక్టర్లేమో పన్నెండో వారంలోనే స్కాన్ తీయించమన్నారు. పద్నాలుగో వారం నిండితే ఈ పరీక్ష పనికిరాదన్నారు. ఇవాళే ఆఖరి రోజు. ఇవాళైనా తోటలో కాయ కోతలు, లారీ లోడు, రాహుకాలం అన్నీ చూసుకుని తీరిగ్గా బయల్దేరారు.

“టోకెన్లు అయిపోయాయండీ. రోజుకి ఇరవయ్యే,” అంది కౌంటర్లో అమ్మాయి. “విజయవాడ డాక్టరు గారు మళ్ళీ పదిహేను రోజులకి వస్తారు.”

“పదిహేను రోజులా! మేమెవరమో తెలుసా? నలభై ఎకరాల మామిడి తోట మాది!”

“టోకెన్ మనిషికండీ, ఎకరానికి కాదు.”

హైమవతికి ఒళ్ళు మండిపోయింది.

గౌతమి ఏడుపు అందుకుంది. “వారం ముందే వద్దామన్నాను కదా అత్తయ్యా! మళ్ళీ ఆరో నెల దాకా తెలియకపోతే నేను బతకను.”

“నోర్ముయ్. అందరూ వింటున్నారు.”

ఎదురు బెంచీ మీది అమ్మాయి లేచి వచ్చింది.

“పిన్నిగారూ, నాది ఇరవయ్యో నంబరు. మీరు తీసుకోండి.”

హైమవతి ఆమెను ఎగాదిగా చూసింది. “ఎందుకిస్తున్నావు? ఏం కావాలి నీకు?”

“ఏమీ వద్దండీ. ఆమెకి వారాలు దాటిపోతున్నాయిగా.”

“నువ్వూ కడుపుతోనే ఉన్నావా?”

“పన్నెండో వారమండీ.”

“మరి నీ బిడ్డ సంగతో? బస్సులో సీటిచ్చినట్టు ఇచ్చేస్తున్నావు! కడుపులో బిడ్డంటే అంత అలుసా?”

ఆ అమ్మాయి టోకెన్ గౌతమి చేతిలో పెట్టి, కొంగు చాటునున్న ఆమె కడుపు మీదికి మెల్లగా చెయ్యి చాపింది.

“చెయ్యి తియ్!” హైమవతి ఆ చేతిని విసురుగా కొట్టింది.

ఆ అమ్మాయి కవరు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“పీడ విరగడైంది,” అంది హైమవతి.

లోపల డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

“తల, వెన్ను, గుండె, అన్నీ ఈ వారాలకి ఉండాల్సినట్టే ఉన్నాయమ్మా. ఐదో నెలలో గుండెని మరోసారి వివరంగా చూద్దాం.”

గౌతమి భోరుమంది. తెర మీద బిడ్డ చిన్న చెయ్యి ఆడించింది. హైమవతి కళ్ళు చెమర్చాయి.

“డాక్టరు గారూ, ఆ గుండె చప్పుడు ఇంకొక్కసారి వినిపించరూ?”

ఒకటికి మూడుసార్లు విని, ఏనుగెక్కినంత సంబరంతో బయటికి వచ్చింది.

గుమ్మంలో ఆయా సవరమ్మ ఎవరినో వెతుకుతోంది.

“పుష్పవతి ఏదమ్మా? ఇరవయ్యో నంబరు?”

“మాకిచ్చి పోయింది. బిడ్డంటే బొత్తిగా శ్రద్ధ లేని మనిషి,” అంది హైమవతి మూతి తిప్పుతూ.

సవరమ్మ బెంచీ మీద కూలబడింది.

“శ్రద్ధ లేకనా అమ్మా! మొన్న విజయవాడ స్కానింగులో బిడ్డకి పుర్రే ఏర్పడలేదని తేలింది. పుట్టినా బతకదంట. రేపు పొద్దున్నే తీసేస్తున్నారు. గుండె ఇంకా కొట్టుకుంటోంది కదా, ఆఖరిసారి కళ్ళారా చూసుకుంటానని డాక్టరమ్మని బతిమాలి తీసుకుందమ్మా ఆ టోకెను.”