రేసుల టేపు

హోప్ గబుక్కున టీవీ ఆపేసింది.

"ఐయామ్ సో సారీ, డాడ్. ఇందులో ఇలా ఉంటుందని నాకు తెలీదు," అంది.

పదహారేళ్ల వయసులో, కెనడాలోని ఎడ్మంటన్‌కి వచ్చిన కొత్తలో, ఆమె తండ్రి షాలేమ్ తీసిన డ్రాగ్ రేసుల వీడియో అది. తండ్రి పుట్టినరోజుకని హోప్ ఆ పాత టేపును బాగుచేయించింది. ఇంజన్ల హోరు తగ్గించి, మనుషుల మాటలు వినపడేలా చేయించింది.

ఆ రేసుల కబుర్లు వింటూనే పెరిగింది ఆమె. పచ్చలైటు పడగానే రెండు కార్లు టైర్ల పొగలోంచి దూసుకుపోవడం, పందెం అయ్యాక స్నేహితులంతా గుంపుగా చుట్టుముట్టడం, ఆ నవ్వులు. "నేను లేకుండా రేసుకి వెళ్లేవాళ్లు కాదమ్మా," అనేవాడు షాలేమ్ గొప్పగా.

ఇందాక టేపులో ఆ స్నేహితుల మాటలు స్పష్టంగా వినిపించాయి. ఒకడు షాలేమ్ ఒంటిరంగును ఎగతాళి చేశాడు. ఒకడు అతని ఇంగ్లీషును అనుకరించి అందరినీ నవ్వించాడు. "వీడి దగ్గర కెమెరా ఉంది కాబట్టి గానీ, లేకపోతే వీణ్ణి నా కారెక్కనిస్తానా?" అన్నాడు ఇంకొకడు.

హోప్ తండ్రి చెయ్యి పట్టుకుంది. "అప్పుడు నీకు ఇంగ్లీష్ సరిగ్గా రాదు కదా, డాడ్? వాళ్లేమంటున్నారో నీకు అర్థం కాలేదు. రైట్?"



"అర్థమయ్యేదమ్మా," అన్నాడు షాలేమ్. "ఏడుస్తున్నానని వాళ్లకి తెలీకూడదనే, కెమెరా కంటి దగ్గర్నుంచి దించేవాణ్ణి కాదు."