రెండో మెడ

సమాధి గుహకు రాయి దొర్లించి నా భార్యను లోపల మూశారో లేదో, మా అత్త తన చిన్న కూతురు షప్పీరాను నా ముందుకు తోసింది.

"సంతాపం ఏడు రోజులు కానివ్వు అల్లుడూ, దీన్ని చేసుకో. పసివాళ్లను ఎవరు చూస్తారు?"

"భార్య పోయినవాడు ఏటా వచ్చే మూడు పండుగలు దాటేదాకా చేసుకోకూడదు అత్తా." నాకున్న చాటు ఆ నియమమొక్కటే.

"నీకంతా తెలుసు మరి! జక్కాయ్ తాతా, నువ్వు చెప్పు."

పెద్దలు కూర్చిన ధర్మసంహితలో చేరక మిగిలిన పాత పాఠాలన్నీ మా గలిలయ ఊళ్లలో జక్కాయ్‌కే కంఠస్థం. ఆయన కళ్లు మూసుకుని ఊగుతూ వల్లించాడు. "మూడు పండుగలు దాటాలి. పసిపిల్లలుంటే వెంటనే చేసుకోవచ్చు. ఒక యాజకుడు భార్యను పాతిపెట్టిన చోటే మరదలితో, వెళ్లి మీ అక్క పిల్లల్ని చూసుకో, అన్నాడు."

"విన్నావా? ఇంకేం సాకు వెతుక్కుంటావు?" అంది అత్త.

అందరూ కలిసి నా మెడకు కాడి కడుతున్నారని పళ్లు కొరికాను.

అక్క పోయిన దుఃఖానికి గుర్తుగా చించుకున్న అంగీని గుండెల దగ్గర పిడికిట పట్టుకుని షప్పీరా అడిగింది.

"తాతా, ఆ మరదలు ఏమంది?"

జక్కాయ్ ఊగడం ఆపాడు. పాఠాన్ని పెదవుల మీదే మొదటినుంచి మళ్లీ నడిపాడు.

"ఏమీ లేదమ్మా. ఆమె మాట పాఠంలో లేదు."

నా చిన్న కూతురు ఏడుస్తూ షప్పీరా అంగీ అంచు పట్టుకుంది. షప్పీరా పిల్లను చంకనెత్తుకుంది.

"నడు బావా."

కాడికి రెండో మెడ కూడా ఉంటుందని అప్పుడు చూశాను.