డిఫెన్స్ దమ్మెంత

ముందట ఆడేటోళ్ల గురించి ప్రహ్లాద్‌కు రంది లేదు. రందంత వెనకాల నిలబడేటోళ్ల గురించే.

పటాన్‌చెరు డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీంకు వాడు కెప్టెన్. పోయినేడు ఫైనల్ల ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి మనోళ్లదే పైచేయి. సెకండ్ హాఫ్‌ల మన బ్యాకులు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగిపోయిండ్రు, అవతలోళ్లు ఎవ్వరినడగకుంట వచ్చి గోల్ మీద గోల్ కొట్టి పోయిండ్రు. మారుద్దామంటే బెంచీ మీద మనిషి లేడు.

ఈయేడు గూడ అదే కథ. పీడీ సార్ ట్రాన్స్‌ఫర్ అయిండు, కొత్తాయన రాలేదు. ఎవడు ఆడాలె, ఎవడు ఆగాలె అన్నీ ప్రహ్లాదే చూసుకోవాలె. ఎట్ల చూసినా స్టాపర్ కిష్టప్ప ఒక్కడే గోడ. వాని వెనకాల బెంచీ మీద నాగయ్య. నాగయ్య వెనకాల ఎవ్వడు లేడు.

కిష్టప్పకు ఇది ఆఖరి సీజన్. యూనివర్సిటీ టీంల పడితే స్పోర్ట్స్ కోటాల సర్కారు నౌకరి వస్తదని వాని ఆశ. తల్లి ఎంకమ్మ కూలికి పోవుడు బందు పెట్టింది, దమ్ము సాలుతలేదంటది. ఇగ ఇల్లు గడవాలంటే వాడు సెలెక్ట్ కావాలె, అంతే.

సెలెక్టర్ ఈ వారంల ఎప్పుడన్న రావచ్చని ఆఫీసుల చెప్పిండ్రు. మంగళవారం సాయంత్రం గ్రౌండ్ పక్కన తెల్ల జీపు ఆగింది. మెడల స్టాప్‌వాచీ, తల మీద టోపీ. పేరు కాశీనాథ్ అన్నడు, పిల్లలను చూసుకుంటనని ప్రిన్సిపాల్‌కు చెప్పే వచ్చిన అన్నడు. అంత పెద్ద సార్‌ను మీరెవరని ఎట్ల అడుగుతరు. ఎవ్వరు అడగలే.

ముందట ఆడేటోళ్లను ఆయన చూడనే లేదు. వాళ్లు టౌన్‌షిప్ పిల్లలు, తండ్రుల నౌకరీలతోని ఎక్కడెక్కడికెళ్లో వచ్చినోళ్లు. ఈ చుట్టుపక్కల ఊళ్లల్ల పుట్టి పెరిగినోళ్లు ఎవరని అడిగిండు. బ్యాకులంత గంతే సార్ అన్నడు ప్రహ్లాద్. అయితే వాళ్లనే చూస్త అన్నడాయన. ఫార్వర్డ్‌ల మొకాలు మాడిపోయినయి. ప్రహ్లాద్ మాత్రం ఎగిరి గంతేసిండు. యూనివర్సిటీకి ఈయేడు డిఫెన్సే కావాల్నట అని వాడే కనిపెట్టి, వాడే అందరికి చెప్పిండు.

కాశీనాథ్ బ్యాకులను ఉరికిచ్చిండు. వీపుకు చెవి ఆనిచ్చి విన్నడు. ఒక గొట్టం తీసి గట్టిగ ఊదమన్నడు. ఫుట్‌బాల్‌కు గొట్టమేందని నాగయ్య గొణిగితే, పటియాల కోచింగ్ సెంటర్ల గూడ గిట్లనే చేస్తరు, నీకేం తెలుసు అన్నడు ప్రహ్లాద్. వాడు పటియాల మ్యాపుల గూడ చూడలేదు.

నాగయ్యతోనే అసలు పరేషాన్. రెండు రౌండ్లు కొడితే ఎదల పిల్లికూతలు.

"నువ్వు గమ్మున చెట్టెనక కూసో. నోరు తెరిస్తే కుక్కర్ కూసినట్టే ఉంటది" అన్నడు ప్రహ్లాద్.

నాగయ్య జెర్సీ టౌన్‌షిప్ పిల్లగాడు ఒకడు తొడుక్కున్నడు. నాగయ్య పేరు మీద వాడే ఊదిండు. గొట్టంల ముల్లు ఆ చివరికి పోయింది. సార్ శానా ఖుష్ అయిండు. బెంచీ గూడ గట్టిగనే ఉందే అన్నడు.

కిష్టప్ప నాలుక కింద లవంగం దాచుకొని ఉరికిండు. గొంతుల గరగర లేస్తనే ఉన్నది, మింగుతనే ఉన్నడు. కండ్లల్ల నీళ్లొచ్చినయి, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నడు. నడుమ బాల్ గోడ అవతలి ఫ్యాక్టరీ మోరీల పడ్డది. ఎర్రగ అయి వచ్చింది. ఎప్పటి లెక్కనే గడ్డికి రుద్ది మళ్ల ఆట షురూ చేసిండ్రు.

ఆఖరుకు కాశీనాథ్ కిష్టప్పను దగ్గరికి పిలిచిండు.

"చిన్నప్పటి నుంచి ఇక్కడే ఉన్నవా?"

"గీ గాలే, గీ నీళ్లే సార్."

"ఆయాసం, దగ్గు... ఏమన్న ఉందా? నిజం చెప్పు."

ప్రహ్లాద్ వెనకనుంచి వేలుతోని పొడిచిండు.

"దగ్గు ఎట్లుంటదో గూడ నాకు తెల్వది సార్" అన్నడు కిష్టప్ప.

మిగతా బ్యాకులు గూడ అదే మాట అన్నరు. ఒకడైతే మా ఊళ్లె ముసలోళ్లు గూడ దగ్గరు సార్ అన్నడు. జెర ఎక్కువైందేమో అని ప్రహ్లాద్ భయపడ్డడు గని, సార్ నవ్విండు. ఇంత మంచి డిఫెన్స్ దొరుకుతదనుకోలేదు అన్నడు. సోమవారం సంగారెడ్డిల పెద్దోళ్లు కూసుంటరని, జీపు పంపిస్తనని, తనకు చెప్పినట్టే వాళ్ల ముందల గూడ చెప్పాల్నని చెప్పి పోయిండు.

ఆ రాత్రి కిష్టప్ప జెర్సీ రెండు సార్లు పిండుకున్నడు. ఎంకమ్మ కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నాకు గూడ సోమారం ఊరోళ్లతోని సంగారెడ్డిల పనున్నది బిడ్డా. లేకుంటె వచ్చి నిన్ను సూస్తుంటి" అన్నది.

సోమవారం పొద్దుగాల జీపు వచ్చింది. జెర్సీలేసుకొని నలుగురు బ్యాకులు వెనకాల, ప్రహ్లాద్ ముందట. హైవే మీద ఊరోళ్ల ట్రాక్టర్ పోతున్నది. ట్రాలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూసున్న ఎంకమ్మను చూసి కిష్టప్ప ఈలేసి చెయ్యి ఊపిండు. ఆమె గూడ ఊపింది. జీపు ట్రాక్టర్‌ను దాటి ఉరికింది.

గంట సేపు కాంగనే, ఫ్యాక్టరీ పొగతోని మా ఊపిరి పాడైందని ఎంకమ్మ, ఊరోళ్లు వేసిన కేసుల, ఫ్యాక్టరీ తరఫున వచ్చిన డాక్టర్ కాశీనాథ్ సైగ చేస్తే, వాళ్ల వకీలు జడ్జి ముందల లేచి, తమ మొదటి సాక్షి అని కిష్టప్పను బోనులకు పిలిచిండు.