కెమెరా లేని ఫొటో

నలుగురూ పాసయ్యారు.

ఆ మాట చెబుతూనే టీచరు బల్ల మీద కేకు పెట్టె పెట్టింది. గేటు దగ్గర ఒకరి తర్వాత ఒకరు విప్పి చూశారేమో, అట్ట మూత చిరిగిపోయింది. క్రీము ఒక పక్కకి ఒరిగి, మీద రాయించిన అక్షరాలు అలుక్కుపోయాయి.

"కత్తేది?" అంది వసపిట్ట.

"నీకు కత్తి కూడానా?" అంది లాయరు.

ముగ్గురు నవ్వారు. టీచరు తన స్కేలు కడుక్కొచ్చి ఇచ్చింది.

అంత చిన్న క్లాసులో అసలు పేర్లతో పని పడలేదు. నోరు మూతపడని పిల్ల వసపిట్ట. ప్రతి లెక్కకీ టీచరుతో వాదన పెట్టుకునేది లాయరు. ఖాళీ గోడ కనిపిస్తే బొగ్గుముక్క వెతుక్కునేది బొమ్మలక్క. నాలుగోది మొద్దు.

ఇక్కడ చేరిన మొదటి రాత్రి ఎవరైనా ఏడుస్తారు. ఇంటికి పంపించెయ్యమని కాళ్ళావేళ్ళా పడతారు. ఆ పిల్ల ఏడవలేదు. పెట్టింది తిని, చూపించిన మంచం మీద పడుకుని నిద్రపోయింది. తెల్లారేసరికి పేరు స్థిరపడిపోయింది.

ఆ మొద్దే ఇప్పుడు క్లాసులో ఫస్టు.

"ఇన్నేళ్ళు కలిసి చదువుకున్నారు. ఏదైనా మాట్లాడండి," అంది టీచరు, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యే కూర్చుంటూ.

వసపిట్టకి అంతకంటే ఏం కావాలి. "మనకందరికీ ఒకేసారి ఆటలమ్మ పోసింది గుర్తుందా? ఒకే గదిలో పడేసి తలుపేశారు."

"జ్వరం తట్టుకున్నాం. నీ వాగుడే తట్టుకోలేకపోయాం," అంది బొమ్మలక్క.

పరుగుపందెం సంగతి లాయరు ఎత్తింది. వెనకాల ఉన్న స్థలం చిన్నది. తిన్నగా పరిగెత్తితే నాలుగంగల్లో గోడ వస్తుంది. అందుకని గుండ్రంగా పరిగెత్తమన్నారు. చుట్లు లెక్కపెట్టాల్సిన వంటావిడ పొయ్యి మీద పాలు గుర్తొచ్చి మధ్యలో వెళ్ళిపోయింది. ఆపమనే వాళ్ళు లేక వీళ్ళు తిరుగుతూనే ఉన్నారు. చివరికి కళ్ళు తిరిగి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"గెలిచింది నేనే. తీర్పు ఇంకా రాలేదంతే," అంది లాయరు.

టీచరు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మొద్దు పెదాలూ కదిలాయి. నవ్వు అనేంత కాదు. కేకు ముక్కని అరచేతిలో పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూస్తోంది.

"నీకేం గుర్తుంది?" అని అడిగింది టీచరు.

మొద్దు కేకు ముక్క మీంచి చూపు ఎత్తింది. "చిక్కుడు గింజలు, టీచర్. దూదిలో మొలకెత్తించాం కదా. అందరివీ కిటికీ వైపు వంగాయి. నాది వంగలేదు."

"నువ్వు నీళ్ళు ఎక్కువ పోశావు. కుళ్ళిపోయింది."

"అవును టీచర్."

ఆదివారాలు మనుషులొచ్చే రోజులు. వసపిట్టకి పిన్ని వచ్చేది. లాయరుకి తాతయ్య, బొమ్మలక్కకి అన్నయ్య. మొద్దు కోసం ఎవరూ రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇక్కడికెలా వచ్చావని ఒకరినొకరు అడగకూడదు. అది పెద్దవాళ్ళు పెట్టిన నియమం కాదు, వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్నది. పిన్ని తెచ్చిన బిస్కెట్లలో సగం వసపిట్ట మొద్దు దిండు కింద పెట్టేది. మొద్దు తినేది. ఆ మాట ఎత్తేది కాదు.

"ఇవాళ దీని పుట్టినరోజు కూడా, టీచర్," అంది వసపిట్ట ఉన్నట్టుండి.

అనేసి నాలుక కరుచుకుంది. బొమ్మలక్క స్కేలుకి అంటిన క్రీముని గోటితో గీకుతూ కూర్చుంది.

"తెలుసు," అంది టీచరు. మొద్దు వైపు తిరిగి, "మరి పై చదువు?" అంది.

"అడిగాను టీచర్. అక్కడా చదువుకోవచ్చట. పుస్తకాలు వాళ్ళే ఇస్తారట," అంది మొద్దు.

"అక్కడ నీకెవరూ తెలీదు కదే," అంది బొమ్మలక్క.

"వచ్చిన కొత్తలో ఇక్కడ మాత్రం ఎవరు తెలుసు?"

వసపిట్ట లేచి నిలబడింది. "ఫొటో దిగుదాం టీచర్."

"ఇక్కడ ఫొటోలు తియ్యకూడదు. తెలుసుగా."

"పోనీ నిలబడతాం. మీరు చూడండి, చాలు."

నలుగురూ కిటికీ కింద వరసగా నిలబడ్డారు. జడలు ముందుకి వేసుకున్నారు. బొమ్మలక్క లాయరు కాలరు సరిచేసింది. ఫొటోగ్రాఫరు ఉండాల్సిన చోటికి వెళ్ళి టీచరు నిలబడింది. ఒక్కో ముఖం దగ్గరా ఆగి చూసింది. వసపిట్ట మొద్దు చిటికెనవేలు పట్టుకుంది. మొద్దు విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

"ఇంకా ఎంతసేపు టీచర్? మెడ పట్టేస్తోంది," అంది లాయరు.

"ఇంకొంచెం," అంది టీచరు.

బయట వ్యాను హారను మోగింది.

ముందుగా వెళ్ళేది మొద్దే. బట్టల సంచి పొద్దున్నే సర్దిపెట్టుకుంది. మిగతా ముగ్గురూ వరండా దాకా వచ్చి ఆగిపోయారు. వసపిట్ట ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఆ నోటికి మాట దొరకకపోవడం అదే మొదటిసారి.

సంచి టీచరే పట్టుకుంది. ఇద్దరూ గేటు దాకా మెల్లగా నడిచారు.

"భయంగా ఉందా?"

"లేదు టీచర్. ఏమీ అనిపించడం లేదు." తర్వాత, తప్పు చేసినట్టు, "అనిపించాలా?" అంది.

టీచరు సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. గేటు తెరుచుకుంది. వ్యాను దగ్గర నిలబడ్డావిడ మొద్దుని ఎగాదిగా చూసి, దగ్గరికి రమ్మని తలూపింది.

"ఇన్నాళ్ళూ పిల్లల జైలు కాబట్టి సరిపోయింది, పద్దెనిమిది నిండాక పెద్దల జైలే కదా, చేతులిలా ఇవ్వమ్మా," అందావిడ, బేడీలు తీస్తూ.