సంత దారిలో గోడ

"బడి గోడ మీద దేవుళ్ళ బొమ్మలు వేయించెయ్యండి మేడమ్‌గారూ. ఇంకెవడూ ఆ గోడ దగ్గర ఒంటేలుకి నిలబడడు," అన్నారు హెడ్మాస్టారు బంగారరాజుగారు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని.

"దేవుళ్ళని అలాంటి పనికి కాపలా పెట్టడం నాకిష్టం లేదండీ," అంది డ్రాయింగ్ టీచర్ శారోన్. "మా ఏడో తరగతి పిల్లలు వేస్తారు. వృత్తాలు, త్రిభుజాలు, చతురస్రాలు. అంతే."

"వాటిని చూసి ఎవడాగుతాడండీ? ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, నా క్లాసులోనే ఎవడూ చూడడు."

"ఆగుతారండీ. అందంగా ఉన్నదాన్ని పాడుచెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు."

బంగారరాజుగారు నవ్వారు. ఆ నవ్వుకి శారోన్‌కి ఒళ్ళు మండింది.

"సరేనండీ. ఆదివారం సంత గడవనివ్వండి," అన్నారాయన. "సోమవారం పొద్దున్న గోడ పొడిగా ఉంటే మీ బొమ్మలుంటాయి. తడిగా ఉంటే సున్నం కొట్టించేస్తాను. మీ డ్రాయింగ్ పీరియడ్లు కూడా లెక్కలకి ఇచ్చెయ్యాలి మరి."

"అలాగేనండీ," అంది శారోన్, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

అనడం తేలికే. పిల్లలకి బొమ్మంటే రెండు కొబ్బరిచెట్లు, మధ్యన పడవ, వెనకాల సూర్యుడు. అవి లేని బొమ్మ వాళ్ళెప్పుడూ ఎరగరు. ప్రతి గీతకీ "ఇదేంటండీ మేడమ్?" అని ప్రాణం తీశారు. ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. గోడకి మేకు కొట్టి, కొబ్బరితాడు కట్టి, రెండో కొసకి సుద్దముక్క బిగించి పెద్ద వృత్తం గీయించింది.

"పసుపు పక్కన ఎరుపు పెట్టండి. ఇటుపక్క పసుపుకి నీలం పెట్టండి. రెండు పసుపులూ ఒకేలా ఉన్నాయా?"

"లేవండీ," అన్నాడు ఆకాష్, కళ్ళు నులుముకుని.

"త్రిభుజాన్ని మొన మీద నిలబెడితే?"

"పడిపోద్దేమోనని భయమేస్తుందండీ," అంది లక్ష్మీతులసి.

"అదీ. దీనికి అర్థం అడక్కూడదు. కాసేపు నిలబడి చూస్తే అదే లోపల పని చేస్తుంది."

శనివారం వాన పట్టుకుంటే, పిల్లలు గొడుగులు అడ్డం పెట్టి మరీ రంగులు కాపాడుకున్నారు.

సోమవారం గంట కొట్టకముందే శారోన్ బడికొచ్చింది. గేటు దగ్గర మొదలుపెట్టి గోడ పొడవునా చూసుకుంటూ నడిచింది. చుక్క తడి లేదు. రంగు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. బంగారరాజుగారు ఎదురొచ్చారు.

"ఓడిపోయానండీ. వెనక గోడ కూడా మీదే," అన్నారు.

శారోన్‌కి కళ్ళు చెమర్చాయి. అందంగా ఉన్నదాన్ని ఎవరూ పాడుచెయ్యరని తనే అంది, తన మాటే నిలిచింది.

"మేడమ్, ఇటు రండి," అని గోడ చివర్నించి ఆకాష్ పిలిచాడు.

అక్కడ, పెద్ద వృత్తంలో మొన మీద నిలబడ్డ ఎర్ర త్రిభుజం కింద, కుంకం అద్దిన నిమ్మకాయలు వరసగా ఉన్నాయి.

"ఇవెవరు పెట్టారు?"

"సంతకొచ్చినోళ్ళండీ," అంది లక్ష్మీతులసి హుషారుగా. "ఇదేంటని అడిగేరండి. మీరు చెప్పినట్టే చెప్పేను. అర్థం అడక్కూడదు, నిలబడి చూస్తే లోపల పని చేస్తుందని. అంతేనండీ, ఎవరో యంత్రం వేయించేరంటా చెప్పులిప్పేసి దూరంగా జరిగిపోయేరు."

శారోన్ కొంగు బిగించి దోపింది.

"వచ్చే ఆదివారం సంతలో నేనే నిలబడి చెబుతాను, ఇవి ఉత్త వృత్తాలూ త్రిభుజాలేనని. ముందు ఆ నిమ్మకాయలు తీసెయ్యండిరా. సార్, లెక్కల మాస్టారు మీరు. మీరూ నా పక్కన నిలబడాలి."

"ఆయ్, నిలబడతానండీ," అన్నారు బంగారరాజుగారు నేలచూపులు చూస్తూ. "ఆ చివరి నిమ్మకాయ మాత్రం ఉంచెయ్యండి మేడమ్‌గారూ. అది నేను పెట్టిందే, ఎందుకైనా మంచిదని."