ఎడమచేతి గిన్నె

“వారం టీ ఎవరిక్కావాలయ్యా? అన్నం వండే సంగతి చెప్పు!” అంది అత్తగారు, వినపడే చెవిని షాపాయన వైపు తిప్పి.

“వారంటీ అమ్మా! రెండేళ్లు.”

కోడలు మాత్రం ఒక్కో రైస్ కుక్కర్ గిన్నెలో నీళ్లు పోయించి, ఎడమచేత్తో ఎత్తి చూస్తోంది. చివరికి అన్నిటికన్నా చిన్నదాని దగ్గర ఆగింది. “ఇదే ఇవ్వండి. చవక కూడా.”

“ఇందులో ఇద్దరికే ఉడుకుతుంది. ఇంట్లో ఉన్నది నలుగురం. ఆ ఇద్దరూ ఎవరో?”

“రెండుసార్లు వండుకుందాం అత్తయ్యా.”

“రెండుసార్లా, రెండు వంటిళ్లా? వేరు కాపురం పెట్టాలనుంటే మొహం మీదే చెప్పు!”

అన్నం ఉడక్కముందే అత్తగారు ఉడికిపోయింది.

షాపాయన భయపడి పెద్ద కుక్కర్ ముందుకు జరిపాడు. “గొడవెందుకమ్మా, ఇది ఆరుగురికి.”

“అయితే ఆ నీళ్లగిన్నె ఎత్తండత్తయ్యా,” అంది కోడలు.

అత్తగారి కుడిచెయ్యి సంచి చాటునుంచి బయటికి రాలేదు. ఎడమచేత్తో ప్రయత్నించింది. గిన్నె లేవలేదు.

“మణికట్టు నొప్పని వారం నుంచి గంజి వార్చడం మానేశారు. అన్నం ముద్దవుతోందేమంటే కొత్త బియ్యమంటారు. నన్ను వండనివ్వరు. అందుకే మీ ఎడమచేతికి లేచేది వెతుకుతున్నాను.”

అత్తగారు ఎడమచెయ్యి చాచి చిన్న గిన్నె ఎత్తింది. లేచింది.

“వేరు కాపురం కాదటయ్యా, నా చెయ్యి కోసమట!” అంది, షాపంతా వినపడేలా. “ఇదే కట్టు. ఆ వారం టీ కూడా మర్చిపోకు.”